నోరులేని నొప్పి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము చేయుచున్న పని యొక్కటే. మూగగా నున్న అక్షరమును చదువగల కన్నులను తయారు చేయుట. పుస్తకము తనంత తాను మాటాడదు. చదువనేర్చినవానికే అందలి సుఖదుఃఖములు తెలియును. చదువరాని వాడు దానిని మూసిపెట్టి, ఇందేమియు లేదనినచో, ఆ లోపము పుస్తకముది కాదు.

ఈనాటి విషయము గూడ అట్టిదే. తలకు పెద్ద దెబ్బ తగిలి, స్పృహ తప్పి, మాటయు సైగయు లేక పడియున్న రోగికి నొప్పి యున్నదో లేదో, ఉన్నచో ఎంత యున్నదో ఎట్లు తెలిసికొనవలెను? ఇది వైద్యులకు మాత్రమే పట్టిన ప్రశ్న యనుకొనరాదు. 2022వ సంవత్సరమున భారతదేశములో రోడ్డు ప్రమాదములందు మరణించినవారు 1,68,491 మంది యని కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. మరణింపక తలగాయములతో ఆసుపత్రి చేరినవారు ఈ లెక్కలో చేరలేదు. మెదడులో నరము చిట్లి పక్షవాతమున పడినవారును, తాటిచెట్టుపైనుండి జారిపడినవారును వేరు. కావున ఏ యింటివారైనను ఒకనాడు ఆసుపత్రి వరండాలో కూర్చుండి ఈ ప్రశ్న నెదుర్కొనవలసి రావచ్చును.

ప్రాచీన వైద్యులు రోగిని తెలిసికొనుటకు దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అను మూడు ద్వారములను చెప్పిరి. సుశ్రుతుడు పంచేంద్రియములను, ప్రశ్నను కలిపి ఆరింటిని చెప్పెను. వాపు కంటికి కనబడును. జ్వరము చేతికి తగులును. నొప్పి యట్లు కాదు. అది పరుని కంటికి కనబడదు, చేతికి తగులదు. అనుభవించువాడు చెప్పినప్పుడే తెలియును. నేటి వైద్యశాస్త్రము గూడ రోగి నోటిమాటనే మొదటి ప్రమాణముగ గ్రహించుచున్నది. సున్న మొదలు పదివరకు నీ నొప్పి యెంత యని అడుగుట అందుకే. అయితే ప్రశ్న యను ద్వారము మూసికొనిపోయిన రోగి సంగతి యేమి? అప్పుడు మిగిలినవి దర్శన స్పర్శనములే.

వాల్మీకి రామాయణ యుద్ధకాండములో నొక ఘట్టమున్నది. రావణుని శక్తిచే కొట్టబడి లక్ష్మణుడు నేలకొరిగినప్పుడు, తమ్ముడు మరణించెనని శ్రీరాముడు విలపించెను. అప్పుడు సుషేణుడు ఊరక ఓదార్పు మాటలు చెప్పలేదు. లక్ష్మణుని ముఖవర్ణము మారలేదనియు, అరచేతులు ఎఱ్ఱదామరల వలె నున్నవనియు, కన్నులు ప్రసన్నముగ నున్నవనియు చూపి, ఇతడు జీవించియే యున్నాడని నిరూపించెను. శోకముతో చూచినవానికి కనబడనిది, క్రమముగా పరిశీలించినవానికి కనబడినది. నేటి శాస్త్రజ్ఞులు చేయుచున్నదియు, ఒక విధముగ, సుషేణుని పనియే.

ముందుగా నొప్పి యనగా నేమో తెలిసికొనవలెను. చర్మమునకో ఎముకకో గాయమైనప్పుడు అచ్చటి సన్నని నరములు ఆ వార్తను వెన్నుపామునకు చేర్చును. వెన్నుపామునుండి అది మెదడునకు పోవును. మెదడులో అనేక భాగములు కలిసి పనిచేసినప్పుడు, అబ్బా యను అనుభవము కలుగును. గాయపు వార్త ప్రయాణము వేరు, దాని ననుభవించుట వేరు. నిప్పు తగులగానే చేయి వెనుకకు వచ్చుట వెన్నుపాము చేయు పని. బాధ తెలియుట ఆ పిమ్మట జరుగును. కావున చేయి కదలినంత మాత్రమున బాధ తెలిసినదని చెప్పలేము. చేయి కదలనంత మాత్రమున బాధ లేదనియు చెప్పలేము. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

మరియొక వింత గలదు. మెదడు శరీరములోని నొప్పుల నన్నిటిని తెలిసికొనునదే యైనను, మెదడు కణజాలమున నొప్పి తెలుపు నరములు లేవు. దానిని కప్పియున్న పొరలకును, తలపై చర్మమునకును, రక్తనాళములకును మాత్రమున్నవి. అంతియే గాక, ప్రమాదమున పడినవానికి తలగాయమొక్కటే యుండదు. విరిగిన ప్రక్కటెముకలు, గొంతులోని గొట్టము, కుట్లు, ఒకే వైపున పరుండుటచే పడిన పుండ్లు, ఇవన్నియు నుండును. 2001లో ప్రకటితమైన యొక అమెరికా పరిశీలనలో, అందు పరిశీలించిన ఆసుపత్రి పనులలో పెద్దవారికి మిక్కిలి నొప్పి కలిగించినది మంచముపై ప్రక్కకు త్రిప్పుట యని తేలినది. దినమునకు పలుమార్లు జరుగు ఈ సామాన్యమైన పనియే మూగరోగికి పెద్ద పరీక్ష.

చెప్పలేనివానికి నొప్పి లేదను భ్రమ కొత్తది గాదు. అప్పుడే పుట్టిన శిశువులకు నొప్పి అంతగా తెలియదని పాశ్చాత్య వైద్యులు చిరకాలము తలచిరి. నెలలు నిండని శిశువులకు శస్త్రచికిత్స చేయునప్పుడు గూడ కదలకుండుటకు మందిచ్చిరే గాని, నొప్పి తగ్గుటకు తగిన మందు అన్నిచోట్ల ఈయలేదు. భారతదేశమున పుట్టి ఆక్స్‌ఫర్డులో పరిశోధన చేసిన కె. జె. యస్. ఆనంద్ అను వైద్యుడును, ఆయన సహచరులును 1987లో ఈ భ్రమను గట్టిగ దెబ్బతీసిరి. ఫెంటనిల్ అను నొప్పి మందు పొందిన శిశువులలో శరీరపు ఆందోళన తక్కువగ నుండెననియు, చిక్కులును తక్కువయ్యెననియు వారు చూపిరి. శిశువు చెప్పలేదు గాని, శిశువు రక్తము చెప్పినది.

1979లో అంతర్జాతీయ వేదనాధ్యయన సంఘము నొప్పికి నిర్వచనమిచ్చినది. 2020లో దానిని సవరించినది. మాటతో చెప్పుట నొప్పిని తెలుపు మార్గములలో నొకటి మాత్రమేననియు, తెలుపలేకపోవుటచే నొప్పి లేదని నిర్ణయింపరాదనియు అందు స్పష్టముగ చేర్చినది. పద్దులో వ్రాయబడనంత మాత్రమున బాకీ లేకుండపోదని లెక్కలు వ్రాయువారందరికి తెలిసినదే.

ఇక కొలత సంగతి. తలగాయము గలవారిని చూచినప్పుడు వైద్యులు మొదట పలుకు మాట గ్లాస్గో లెక్క. స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరమందలి టీస్‌డేల్, జెనెట్ అను ఇరువురు వైద్యులు 1974లో దీనిని ప్రకటించిరి. కన్ను తెరచుటకు 4, మాటకు 5, అవయవముల కదలికకు 6, వెరసి 15 అంకములు. ఏమియు లేనివానికి గూడ 3 పడును. మొత్తము 8 గాని అంతకు తక్కువ గాని వచ్చినచో గాయము తీవ్రమని గ్రహింతురు. ఇందు వైద్యుడు గోటి మొదటనో, మెడ ప్రక్క కండరముననో, కనుబొమ పై యెముక వద్దనో నొక్కి చూచును. అయితే జాగ్రత్తగ గమనింపవలెను. ఈ లెక్క మెలకువను కొలుచునది గాని నొప్పిని కొలుచునది గాదు. ఇందు నొప్పి తలుపు తట్టు చేయి మాత్రమే. లోపల ఎవరైన నున్నారా యని తెలిసికొనుటకు తట్టెదరు. ఉన్నవారు బాధపడుచున్నారా యను ప్రశ్నకు వేరొక లెక్క కావలెను.

ఆ రెండవ లెక్క చాలకాలము లేకపోయినది. గుండె వేగము, రక్తపుపోటు పెరిగినచో నొప్పి యున్నదనియు, పెరుగనిచో లేదనియు తలచుచుండిరి. ఇది నమ్మదగినది గాదు. జ్వరము వచ్చినను గుండె వేగము పెరుగును. రక్తము పోయినను పెరుగును. మెదడు గాయము తనంత తానే వాటిని తారుమారు చేయగలదు. మందులు గూడ మార్చును. తీవ్ర చికిత్స నిపుణులు అమెరికాలో 2013లోను, మరల 2018లోను ప్రకటించిన మార్గదర్శకములలో, నాడి, రక్తపుపోటు వంటివానిని మాత్రమే నమ్మి నొప్పిని నిర్ణయింపరాదనియు, అవి మరింత పరిశీలింపుమను హెచ్చరికలు మాత్రమేననియు చెప్పిరి.

2001లో ఫ్రాన్సు దేశమున పాయెన్ అను వైద్యుడును, సహచరులును ముఖము, చేతులు, శ్వాసయంత్రముతో సరిపడుట అను మూడింటిని చూచి, 3 మొదలు 12 వరకు నొక లెక్క కట్టిరి. 2006లో కెనడా దేశమున సెలీన్ జెలీనా అను నర్సు విదుషి తన సహచరులతో కలిసి సి.పి.ఓ.టి. అను మరియొక కొలతను ప్రకటించెను. నర్సు పేర చెల్లిన ఈ కొలతను కొంచెము వివరించుట మంచిది. ఏలయన, రోగి మంచమునకు అందరికంటె చేరువగ నుండునది ఆమెయే.

దీనిలో చూడవలసినవి నాలుగు. మొదటిది ముఖము: ప్రశాంతముగ నున్నచో సున్న, కనుబొమలు ముడివడినచో ఒకటి, ముఖమంతయు చిట్లి కనురెప్పలు గట్టిగ బిగిసినచో రెండు. రెండవది కదలిక: లేనిచో సున్న, నొప్పి చోటును తడుముకొన్నచో ఒకటి, గొట్టము లాగివేయబోయి కొట్టుకొన్నచో రెండు. మూడవది కండరముల బిగువు: చేతిని మెల్లగ మడచి చాచి చూచి, ఎంత బిగిసి యున్నదో లెక్కింతురు. ఇది స్పర్శనము. నాలుగవది శ్వాసయంత్రముతో సామరస్యము. గొట్టము లేనివానికైతే దీనికి బదులు మూల్గు చూతురు. ఒక్కొక్కదానికి సున్న మొదలు రెండు, వెరసి ఎనిమిది. మూడు వచ్చినచో నొప్పి యున్నదని భావించి తగిన చర్య తీసికొనవలెను. రోగి కదలక యున్నప్పుడు ఒక నిమిషము చూచి మూలాంకము వ్రాసికొందురు. ప్రక్కకు త్రిప్పునప్పుడు మరల చూతురు. మందిచ్చుటకు ముందును, మందు పనిచేయు వేళను చూతురు. తరుగుదల కనబడినచో మందు ఫలించినదన్నమాట.

ఇంత చేసినను తలగాయము గలవారి విషయమున ఒక లోటు మిగిలినది. ఆ లోటును కనిపెట్టినవారిలో జెలీనా బృందమే ముఖ్యము. మెదడు దెబ్బతిన్నవారు ఇతర రోగుల వలె కనుబొమలు ముడువకపోవచ్చును, కండరములు బిగింపకపోవచ్చును. వారిలో కొందరు నొప్పి కలిగినప్పుడు అకస్మాత్తుగ కన్నులు తెరతురు. మరికొందరికి కన్నీరు కారును, లేదా ముఖము ఎఱ్ఱబడును. పక్షవాతము గల వైపు చేయి కదలనే కదలదు. ఇంకొకరి చేతులు నొప్పి లేకయే కొయ్యబారి యుండును. అనగా ఈ రోగుల నొప్పి వేరొక లిపిలో వ్రాయబడినది. తెలుగు లిపి నేర్చినవాడు గ్రంథలిపి తాళపత్రమును చూచి, ఇందు అక్షరములు లేవనరాదు. ఆ లిపి తెలియుటకై ఇట్టి రోగులకు ప్రత్యేకమైన కొలతలను శాస్త్రజ్ఞులు తయారు చేయుచున్నారు. బెల్జియము దేశమందలి లియేజ్ నగరపు శాస్త్రజ్ఞులు 2010లో కోమా నుండి మేలుకొనియు చైతన్యము పూర్తిగ రానివారికై ఒక లెక్కను కట్టి, 2012లో దానిని సవరించిరి. కదలిక, ధ్వని, ముఖము అను మూడింటికి మూడేసి అంకముల చొప్పున అది తొమ్మిది అంకముల లెక్క.

ఇంత శ్రమ యెందుకు, అందరికి నొప్పి మందు పోసినచో సరిపోదా యని యెవరైన నడుగవచ్చును. సరిపోదు. మార్ఫిన్ వంటి మందులు ఎక్కువైనచో ఊపిరి మందగించును. ఊపిరి మందగించినచో రక్తమున బొగ్గుపులుసు వాయువు పెరిగి, పుర్రె లోపల ఒత్తిడి హెచ్చును. కంటిపాప చిన్నదై, మెదడు పరిస్థితిని తెలుపు గుర్తులు మరుగుపడును. రోగి మగతగ నుండుట మందువలననో, మెదడువాపు వలననో తెలియదు. సరే, మందే మానినచో? నొప్పిచే రక్తపుపోటు హెచ్చును, రోగి గింజుకొనును, దగ్గును. దానివలన గూడ పుర్రె లోపల ఒత్తిడి పెరుగును. ఎక్కువైనను కీడే, తక్కువైనను కీడే. అందుచేతనే త్రాసు కావలెను. ఇంకొక ఘోరము గలదు. కండరములు కదలకుండ చేయు మందు నిచ్చినప్పుడు ముఖమును చేయియు పూర్తిగ మౌనము వహించును గాని, ఆ మందు నొప్పిని ఏమాత్రము తగ్గింపదు. అప్పుడు పైన చెప్పిన లెక్కలేవియు పనిచేయవు. ఆ మందు మొదలుపెట్టుటకు ముందే నొప్పి మందును, నిద్ర మందును చాలినంత ఈయవలెను.

లోపల నిజముగ అనుభవమున్నదా యను ప్రశ్నకు స్కానింగు యంత్రములు కొంత సమాధానము చెప్పినవి. కన్ను తెరచినను ఎరుక లేనివారి చేతికి నొప్పి కలిగించి చూడగా, మెదడులో వార్త చేరు మొదటి భాగము వెలిగినది గాని, దానితో కలిసి పనిచేయవలసిన పై భాగములు వెలుగలేదని లియేజ్ శాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించిరి. స్వల్పముగ ఎరుక గలవారిలో మాత్రము ఆరోగ్యవంతులలో వలె అనేక భాగములు వెలిగినవని 2008లో చూపిరి. కావున అట్టివారికి నొప్పి మందు తప్పక ఆవశ్యకము.

అయితే ఎరుక లేదని పైకి తోచినవారందరు నిజముగ ఎరుక లేనివారేనా? 2006లో ఏడ్రియన్ ఓవెన్ అను శాస్త్రజ్ఞుడు, రోడ్డు ప్రమాదమున మెదడు దెబ్బతిని ఏ మాటకును స్పందింపని ఇరువదిమూడేండ్ల యువతిని స్కానింగు యంత్రమున నుంచి, టెన్నిసు ఆడుచున్నట్లు ఊహింపుమని చెప్పెను. ఆరోగ్యవంతురాలి మెదడు వలెనే ఆమె మెదడు వెలిగినది. ఇంటి గదులలో నడచుచున్నట్లు ఊహింపుమనగా, తగిన వేరు భాగములు వెలిగినవి. 2024లో ప్రకటితమైన అనేక దేశముల పరిశీలనలో, చెప్పిన పని పైకి ఏమాత్రము చేయలేని 241 మందిలో 60 మంది మెదడులు లోలోపల ఆ పని చేయుచున్నట్లు తేలినది. నలుగురిలో నొకడు! ఫ్రాన్సు దేశపు పత్రికా సంపాదకుడు బోబీ 1995లో మెదడు జబ్బుచే సర్వాంగములు చచ్చుపడి, ఎడమ కనురెప్ప యొక్కటి మాత్రము మిగులగా, దానిని ఆర్పుచు అక్షరమక్షరముగ ఒక పుస్తకమునే చెప్పెను. 1997లో అది అచ్చయినది. ఆ కనురెప్పను చదివినవారు లేకున్నచో, ఆ మనుష్యుని లోపల పుస్తకమున్నదని లోకమునకు తెలిసియుండునా?

ఇక సామాన్యులు చేయవలసినది. ఒక రైతు కుమారుడు బండిపైనుండి పడి, నాలుగు దినములుగ శ్వాసయంత్రముపై నున్నాడనుకొనుడు. తల్లిని దినమున కొక్కమారు లోనికి పంపుదురు. నర్సు వానిని ప్రక్కకు త్రిప్పుచుండగా కన్ను తెరచి, ఒక నీటిబొట్టు రాల్చినాడని ఆమె చూచినది. బయటకు వచ్చి చెప్పగా బంధువులు, వానికేమి తెలియునమ్మా, ఊరక కంట నీరు వచ్చినది యన్నారు. తల్లి ఊరకుండిపోయినది. ఇచ్చట తప్పు తల్లి చూచుటలో లేదు, ఊరకుండుటలో నున్నది. రోగి మాటాడలేనప్పుడు ఇంటివారిని గూడ నొప్పి పరిశీలనలో భాగస్థులను చేయవచ్చునని 2018 మార్గదర్శకములు చెప్పుచున్నవి. బాధ కలిగినప్పుడు ఆ పిల్లవాడు పళ్లు బిగించునో, మౌనముగ నుండునో కన్నతల్లికి గాక మరెవరికి తెలియును?

కావున లోనికి పోయినవారు తాము చూచిన దానిని నర్సుతోనో డాక్టరుతోనో మర్యాదగ చెప్పవలెను. ఎప్పుడు కన్ను తెరచెను, ఏమి చేయుచుండగా నీరు కారెను, ముఖమెట్లు మారెను అని వివరముగ చెప్పవలెను. పూర్వమునుండి యున్న కీళ్లవాతము, నడుము నొప్పి, మందు పడకపోవుట, త్రాగుడు అలవాటు దాచకుండ తెలుపవలెను. వినుటకు యంత్రము, చూచుటకు కళ్లజోడు వాడువాడైనచో ఆ మాటయు చెప్పవలెను. నొప్పి లెక్క చూచినారా యని అడుగుటకు సంకోచింపనక్కరలేదు. మెలకువ వచ్చుచున్న రోగిని, ఔనన్నచో ఒకమారు, కాదన్నచో రెండుమారులు రెప్ప ఆర్పుమని అడిగించి చూడవచ్చును. అయితే స్పృహ యున్నదా యని తామే గిల్లి చూచుట, తట్టి లేపుట, మందు హెచ్చింపుమని పట్టుబట్టుట కూడదు. అన్నింటికంటె ముఖ్యముగ, మంచము ప్రక్కన నిలిచి వీడిక దక్కడనియు, ఆసుపత్రి ఖర్చుకు పొలము అమ్మవలెననియు మాటాడరాదు. నలుగురిలో నొకడు వినుచుండవచ్చును. వానిని ప్రక్కకు త్రిప్పునప్పుడు గూడ, నాయనా, నిన్ను త్రిప్పుచున్నాము, కొంచెము నొప్పి పెట్టును అని చెప్పి త్రిప్పుట ధర్మము.

యంత్రములు పెరిగినవి, లెక్కలు పెరిగినవి. అయినను సున్న, ఒకటి, రెండు అని వ్రాయు చేతి వెనుక ఒక నిమిషము నిలిచి చూచు మనుష్యుడు ఉండవలెను. ఆ నిమిషము చూడక వ్రాసిన సున్న, పొలమునకు పోకుండ వ్రాసిన అడంగలు వంటిది. కాగితమున పంట లేదని యున్నను, చేనిలో పంట ఉండనే యుండును. అట్లే కాగితమున నొప్పి లేదని యున్నను, మంచముపై ఉండనే యుండును.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమున చదువు నేర్చిన కన్నులు, మాటాడలేని మనుష్యుని ముఖమును గూడ ఓపికతో చదువునట్టివి యగుగాక. ఎవరి యింటను ఆ యవసరము రాకుండుగాక. వచ్చినచో, చూచినవారు ఊరకుండకుందురుగాక.

స్వస్తి.